చాయ్ ఊళ్లో మంచి కాఫీ: వరంగల్, హనుమకొండల్లో ఏది, ఎక్కడ, ఎప్పుడు

వరంగల్ చాయ్ తాగే ఊరు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల పక్కన కూర్చున్న రైతుకైనా, ఎంజీఎం ఆసుపత్రి ముందు రాత్రంతా మేలుకొని ఉన్న రోగి బంధువుకైనా, కాజీపేట జంక్షన్‌లో తెల్లవారుజామున రైలు దిగినవారికైనా మొదట చేతికందేది చిన్న గ్లాసులో వేడి చాయే. కాఫీ ఇష్టపడేవారు ఈ ఊరి గురించి ముందుగా తెలుసుకోవలసిన విషయం అదే. చాయ్ అడిగేవారు రోజంతా ఉంటారు కాబట్టి గిన్నె ఖాళీ అవుతూ, మళ్లీ మరుగుతూ ఉంటుంది. కాఫీ అడిగేవారు తక్కువ. దాంతో డికాషన్ గిన్నెలో, పొడి డబ్బాలో, గింజలు సంచిలో మిగిలిపోతాయి. కాఫీకి నిలవను మించిన శత్రువు లేదు.

అందుకని ఇక్కడ మంచి కాఫీ వెతికేటప్పుడు నేను ఒక్క ప్రశ్నతో మొదలుపెడతాను: ఈ చోట, ఈ వేళలో, కాఫీ ఎంత త్వరగా అమ్ముడవుతుంది? టిఫిన్ హోటల్, రోడ్డు పక్కన డిగ్రీ కాఫీ, కొత్తగా వచ్చిన కెఫేలు, కాఫీ పొడి దుకాణం, పోస్టులో తెప్పించుకునే గింజలు, అన్నింటినీ ఈ కొలతతోనే చూస్తాను. ఎన్నో కప్పులు తాగాక, కొన్ని పారబోశాక నాకు కుదిరిన కొలత ఇది.

టిఫిన్ హోటల్: పొద్దున వెళ్లండి

ఉదయం ఆరున్నరకు హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల గానీ, సుబేదారి వైపు గానీ ఇడ్లీ, వడ వేసే హోటల్‌కు వెళ్లండి. కౌంటరు పక్కన స్టీలు బాయిలరు, దాని మీద పాలగిన్నె, ఆ పక్కనే మూత పెట్టిన డికాషన్ గిన్నె కనిపిస్తాయి. మాస్టరు గ్లాసులో పంచదార వేసి, రెండు వేళ్ల మందం డికాషన్ పోసి, పైనుంచి పాలు వదులుతాడు. తర్వాత గ్లాసులోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి గ్లాసులోకి రెండుసార్లు తిరగబోస్తాడు. పైన నిలిచిన నురగ లేత గోధుమ రంగులో ఉండి, ముక్కు దగ్గరకు తేగానే పాల వాసన కంటే ముందు కాఫీ వాసన తగిలితే అది మొదటి డికాషన్. దాన్ని వదలకండి.

అదే హోటల్‌కు పదకొండు గంటలకు వెళితే వేరే కాఫీ వస్తుంది. వాడిన పొడి మీదనే మళ్లీ వేడినీళ్లు పోసి దించిన రెండో డికాషన్ కావచ్చు, లేదా పొద్దున దించినదే వేడి మీద గంటల తరబడి ఉండిపోయినది కావచ్చు. మళ్లీ నీళ్లు పోసి దించినది పలుచగా ఉంటుంది, వేడి మీద ఉండిపోయినది మాడు చేదుగా ఉంటుంది. పలుచదనాన్ని పాలు, మాడును పంచదార కొంతవరకు కప్పుతాయి గానీ చివరి గుక్కలో గొంతు దగ్గర తెలిసిపోతుంది. “అన్నా, కొత్త డికాషన్ దించారా?” అని నవ్వుతూ అడగండి. నేను అడిగిన ఎవరూ నొచ్చుకోలేదు. చాలామంది “పది నిమిషాలు ఆగండి, దిగుతోంది” అని నిజమే చెబుతారు. ఆ పది నిమిషాలు ఆగడం దండగ కాదు.

పాల మాట కూడా చెప్పాలి. ప్యాకెట్ మీద టోన్డ్ అని ఉంటే వెన్న శాతం 3, స్టాండర్డైజ్డ్ అయితే 4.5, ఫుల్ క్రీమ్ అయితే 6. మన వైపు హోటళ్లకు చిక్కటి పాలంటే ఇష్టం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి గేదె పాలు పుష్కలంగా వస్తాయి. ములుకనూరు మహిళలు సహకార సంఘంగా నడుపుకుంటున్న డెయిరీ కూడా ఈ ప్రాంతానిదే. అంత చిక్కటి పాలను తట్టుకుని నిలబడాలంటే డికాషన్ గట్టిగా ఉండాలి. హోటళ్లు రోబస్టా రకం గింజలు, చికోరి అనే వేరు పొడి కలిసిన పొడి వాడేది అందుకే. కాఫీలో రెండో ముఖ్య రకమైన అరబికాలో కెఫీన్ దాదాపు 1.2 శాతం ఉంటే రోబస్టాలో 2.2 శాతం వరకు ఉంటుంది. చేదు, చిక్కదనం కూడా ఎక్కువే. హోటల్ కాఫీలో పూల వాసనలు, పండ్ల రుచులు వెతకడం ఆ కాఫీకి అన్యాయం చేయడమే. దాని గొప్పతనం గట్టిదనంలో, వేడిలో, ఇడ్లీ తర్వాత అది ఇచ్చే తృప్తిలో ఉంది.

రోడ్ల పక్కన ఇత్తడి గ్లాసులు వరుసగా పేర్చి కనిపించే డిగ్రీ కాఫీ కొట్లకు కూడా ఇదే లెక్క. పాల చిక్కదనాన్ని లాక్టోమీటర్‌తో డిగ్రీల్లో కొలిచేవారు కాబట్టి ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఇత్తడి గ్లాసు చూసి ఆగవద్దు. కార్లు, బస్సులు ఎక్కువగా ఆగే కొట్టు దగ్గర ఆగండి.

కెఫేలు: సాయంత్రం, పంచదార లేకుండా

నక్కలగుట్ట, కిషన్‌పుర, హంటర్ రోడ్డు, ఎన్‌ఐటీ పరిసరాల్లో ఇప్పుడు కూర్చుని మాట్లాడుకునే కెఫేల సంస్కృతి బాగా పెరిగింది. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలైన ఎన్‌ఐటీలో సగం సీట్లు ఇతర రాష్ట్రాల పిల్లలవి. కాఫీతోనే తెల్లవారే తమిళ, కన్నడ ఇళ్ల నుంచి వచ్చినవారు వాళ్లలో ఎందరో. కాకతీయ విశ్వవిద్యాలయం, వైద్య కళాశాల విద్యార్థులు కూడా తోడయ్యారు. ఒక చాయ్ ఊరికి కాఫీ అడిగే తరం ఇలా వచ్చింది. ఇది నాకు నిజంగా సంతోషం కలిగించే మార్పు.

కెఫే మంచిదో కాదో కుర్చీలు చెప్పవు, గ్రైండరు చెబుతుంది. ఎస్‌ప్రెస్సో, అంటే ఒత్తిడితో వేడినీళ్లు పంపి దించే చిక్కటి కాఫీ, చేసే యంత్రం పక్కన గ్రైండరు ఉందా, మీ కప్పు కోసం అప్పుడే గింజలు మర పడుతున్నారా చూడండి. ముందే పట్టి పెట్టిన పొడిని డబ్బాలోంచి చెంచాతో తీస్తుంటే యంత్రం ఎంత ఖరీదైనదైనా లాభం లేదు. సాధారణంగా 18 గ్రాముల పొడి నుంచి 36 గ్రాముల ఎస్‌ప్రెస్సో 25, 30 సెకన్లలో దిగాలి. నిలబడి మనసులో లెక్కపెట్టండి. పది, పన్నెండు సెకన్లకే కప్పు నిండిపోతే పుల్లగా, నీళ్లగా ఉంటుంది. నలభై దాటినా చుక్కలుగానే పడుతుంటే చేదెక్కుతుంది. పాలకు నురగ తెప్పించే ఆవిరి గొట్టాన్ని ప్రతి కప్పు తర్వాత తడిగుడ్డతో తుడుస్తున్నారా అన్నది మరో గుర్తు. దాని మీద ఎండిన పాలు ఉన్నాయంటే లోపల కూడా అంతే.

మొదటిసారి వెళ్లినప్పుడు పంచదార, సిరప్‌లు లేకుండా మామూలు కాపుచినో గానీ, ఎస్‌ప్రెస్సోలో వేడినీళ్లు కలిపిన అమెరికానో గానీ చెప్పండి. హేజల్‌నట్, కారమెల్ కలిపిన తర్వాత ఏ కెఫే కాఫీ అయినా ఒకేలా ఉంటుంది. పాలు తక్కువ, నురగ ఎక్కువ కావాలంటే కాపుచినో, పాలు ఎక్కువ కావాలంటే లాటే. “ఇవి ఎక్కడి గింజలు? ఎప్పుడు వేయించినవి?” అని అడగండి. “చిక్కమగళూరు అరబికా, పోయిన వారం వచ్చింది” అన్నట్టు జవాబు వస్తే ఆ కెఫేకు మళ్లీ వెళ్లవచ్చు. జవాబు రాకపోతే కోల్డ్ కాఫీ తాగండి. ఐసు, పాలు, పంచదార కలిసి గింజల లోపాన్ని చాలావరకు సర్దుతాయి. మే నెల వరంగల్ ఎండలో అది హాయిగానే ఉంటుంది.

ఇక వేళ. కెఫేల్లో రద్దీ సాయంత్రం ఐదు తర్వాతే. అప్పటికి గ్రైండరులో గింజలు మారుతూ ఉంటాయి, చేసేవారి చేయి కూడా కుదురుకుని ఉంటుంది. టిఫిన్ హోటల్‌కు పొద్దున ఎంత మంచిదో కెఫేకు సాయంత్రం అంత మంచిది. ఈ రెండు వేళలను తారుమారు చేసుకున్నవారే ఎక్కువగా “ఈ ఊళ్లో కాఫీ బాగుండదు” అంటారు.

టిఫిన్ హోటలా, కెఫేనా అని నన్ను అడిగితే, పాల కాఫీ రోజూ తాగేవారికి హోటలే. ధరలో చాలా తేడా ఉంది, రుచిలో అంత తేడా లేదు. పాలు లేని కాఫీ తాగాలన్నా, గంటసేపు ఎవరితోనైనా కూర్చోవాలన్నా కెఫేకే వెళ్లాలి. హోటల్ డికాషన్‌ను పాలు లేకుండా తాగడం కష్టం, అది అందుకోసం చేసినది కాదు.

ఇంటికి కొనేటప్పుడు: పొడి దుకాణమా, రోస్టరా

రోజూ కాఫీ తాగే ఇల్లయితే అసలు ఎంపిక ఇక్కడే. దీని మీద కాస్త ఎక్కువగానే రాస్తాను.

తెలంగాణలో చెప్పుకోదగ్గ కాఫీ తోటలు లేవు. మనకు వచ్చేది ఎక్కువగా కర్ణాటక కొండల నుంచి, మరికొంత అరకు లోయ నుంచి. దేశంలో పండే కాఫీలో దాదాపు 70 శాతం కర్ణాటకదే. పచ్చి గింజలు నెలల తరబడి నిలవ ఉంటాయి. వేయించిన క్షణం నుంచి మాత్రం వాటి ఆయుష్షు లెక్క మొదలవుతుంది. వేయించగానే గింజలోంచి కార్బన్ డయాక్సైడు బయటికి వస్తూ ఉంటుంది. అందుకే మంచి రోస్టర్ల, అంటే గింజలు వేయించి అమ్మేవారి, సంచులకు గాలి బయటికి మాత్రమే పోనిచ్చే చిన్న రంధ్రం ఉంటుంది. ఆ వాయువు కొంత పోయాకే, అంటే నాలుగు రోజుల నుంచి వారం తర్వాతే, రుచి కుదురుకుంటుంది. అక్కడి నుంచి నెల, నెలన్నర వరకు గింజలు బాగుంటాయి. పొడి చేస్తే మాత్రం ఆ నెల కాస్తా వారం, పది రోజులకు పడిపోతుంది.

ఈ లెక్క వరంగల్ వారికి అనుకూలం. హైదరాబాద్ లేదా బెంగళూరు రోస్టరు సోమవారం వేయించి పంపితే మన ఇంటికి గురువారమో శుక్రవారమో చేరుతుంది. ఆ మూడు నాలుగు రోజులు గింజలకు ఎలాగూ కావలసిన విశ్రాంతి. ఊళ్లో రోస్టరు లేడని బాధపడవలసిన పని లేదు. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో పార్సిళ్లు ఎండలో నిలిచిపోతాయి కాబట్టి వారం చివర ఆర్డరు పెట్టకండి, ఆదివారం గోదాములో మగ్గుతుంది.

సంచి మీద చూడవలసినది వేయించిన తేదీ. “ఫలానా నెలలోపు వాడండి” అన్న తేదీ ఒక్కటే ఉంటే అది మీకు ఏమీ చెప్పదు. ఒకసారి నగరంలోని ఒక పెద్ద దుకాణంలో అందమైన సంచి చూసి పావు కిలో గింజలు కొన్నాను. ఇంటికి వచ్చాక అడుగున చిన్న అక్షరాలు చదివితే వేయించి ఏడు నెలలు. పొడి చేసి వేడినీళ్లు పోస్తే పొంగు లేదు, బుడగ లేదు, తడిసిన అట్ట వాసన. వారం క్రితం వేయించిన గింజల పొడి మీద నీళ్లు పోస్తే పిండి పులిసినట్టు మెల్లగా ఉబ్బుతుంది, బుడగలు పగులుతూ వంటిల్లంతా వాసన నిండుతుంది. ఈ రెండూ ఒక్కసారి పక్కపక్కన చూసినవారికి తేదీ విలువ ఇక ఎవరూ చెప్పనక్కరలేదు.

కాఫీ పొడి దుకాణాన్ని తీసిపారేయకండి. కళ్ల ముందు గింజలు మర పట్టి ఇచ్చే దుకాణం దొరికితే అది వరమే. అక్కడ మూడు మాటలు చెప్పండి: నా ముందే పట్టండి, చికోరి విడిగా తూచి కలపండి, వంద గ్రాములు చాలు. కిలో కొంటే రూపాయలు కలిసివస్తాయి గానీ చివరి ముప్పావు కిలో పాత పొడే తాగుతారు. చికోరి అంటే ఒక మొక్క వేరు. వేయించి పొడి చేస్తే రంగు, చిక్కదనం, కాస్త తీపి కలిసిన చేదు ఇస్తుంది. కెఫీన్ ఉండదు. కాఫీ చికోరి మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని, ఎంత కలిపారో ప్యాకెట్ మీద రాయాలని ఆహార భద్రతా నిబంధన ఉంది. కాబట్టి వెనుక తిప్పి చదవండి. 80 పాళ్లు కాఫీ, 20 పాళ్లు చికోరి నాకు హద్దు. 60, 40 అయితే డికాషన్ నల్లగా, చిక్కగా కనిపిస్తుంది గానీ ఆ నలుపులో కాఫీ వాటా తక్కువ.

ఏ ప్రాంతపు గింజలు? 2019లో కూర్గ్ అరబికా, చిక్కమగళూరు అరబికా, బాబా బుడన్‌గిరి అరబికా, వయనాడ్ రోబస్టా, అరకు లోయ అరబికాలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అల్లూరి సీతారామరాజు జిల్లా గిరిజన రైతులు నీడ చెట్ల కింద, మిరియాల తీగల మధ్య పండించే అరకు కాఫీని పాలు లేకుండా గానీ, కొద్ది పాలతో గానీ తాగండి. అందులో సున్నితమైన తీపి, పండ్ల పులుపు ఉంటాయి. ఫుల్ క్రీమ్ పాలు పోస్తే అవి మాయమవుతాయి. మన తెలుగు నేల కాఫీని మనమే గుర్తించకుండా తాగడం నాకు బాధగా ఉంటుంది. పాల కాఫీకైతే చిక్కమగళూరు అరబికాలో పావు వంతు రోబస్టా కలిపినది బాగా నిలబడుతుంది. పులుపు పడనివారు మాన్‌సూన్డ్ మలబార్ చూడండి. పశ్చిమ తీరంలో వానాకాలపు గాలికి గింజలను ఉబ్బనిచ్చి తయారుచేసే ఈ కాఫీలో పులుపు బాగా తక్కువ.

లేబుల్ మీద ‘ప్లాంటేషన్ ఏ’ అంటే కడిగి శుద్ధి చేసిన అరబికాలో పెద్ద గింజ. ‘పీబీ’ అంటే పండులో రెండు గింజలకు బదులు ఒక్కటే గుండ్రంగా పెరిగినది. ‘చెర్రీ’ అంటే పండుతో సహా ఎండబెట్టినది. వేయింపు మాట కొస్తే, పాలు లేకుండా తాగేవారికి లేత లేదా మధ్యస్థం, పాలతో తాగేవారికి మధ్యస్థం నుంచి కాస్త ముదురు. గింజ పైన నూనె మెరుస్తుంటే బాగా ముదిరిందని అర్థం, అది త్వరగా కంపు పడుతుంది.

ఖర్చు లెక్క వేద్దాం. పావు కిలో మంచి గింజలు 500 రూపాయలు అనుకోండి. కప్పుకు 10 గ్రాముల చొప్పున 25 కప్పులు వస్తాయి. కప్పుకు 20 రూపాయలు, పాలు అదనం. రోజుకు ఒక కప్పు తాగేవారు కెఫేకు వెళ్లే కంటే ఇది ఎంతో చవక. ఇంట్లో నలుగురు రోజుకు మూడుసార్లు తాగితే మాత్రం దుకాణం పొడే అందుబాటులో ఉంటుంది. పైగా అంత వాడకంలో పొడి పాతబడే అవకాశమే లేదు.

ఇంట్లో చేసేటప్పుడు చాలామంది పట్టించుకోనిది నీళ్లు. లవణాలు ఎక్కువున్న బోరు నీళ్లు పోస్తే కాఫీ మొద్దుబారుతుంది. ఆర్వో యంత్రం లవణాలను మరీ తీసేస్తే పలుచగా, జీవం లేకుండా ఉంటుంది. లవణాలు లీటరుకు 150 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే బాగుంటుంది. నేను ఆర్వో నీళ్లలో కొద్దిగా కుళాయి నీళ్లు కలిపి మరిగిస్తాను. ఫిల్టరులో 20 గ్రాముల పొడి తేలికగా పరిచి, గట్టిగా అదమకుండా చిల్లుల పలక పెట్టి, మరిగి దించి అర నిమిషం ఆగిన నీళ్లు 100 మిల్లీలీటర్లు పోస్తే ఇరవై నిమిషాల్లో ఇద్దరికి సరిపడా డికాషన్ దిగుతుంది. దాన్ని మళ్లీ పొయ్యి మీద పెట్టకండి. వేడి చేయవలసింది పాలను మాత్రమే. పొడి మిగిలితే గాలి చొరని డబ్బాలో, పొయ్యికి దూరంగా ఉంచండి. ఫ్రిజ్‌లో వద్దు, తేమ, కూరల వాసన పట్టేస్తాయి.

ఇన్‌స్టంట్ గురించి రెండు మాటలు చాలు. గుంటూరు జిల్లా దుగ్గిరాలలో తయారైన ఇన్‌స్టంట్ కాఫీ దేశదేశాలకు వెళుతోంది, అది తక్కువ సరుకేమీ కాదు. ఆసుపత్రిలో రాత్రి కాపలా ఉన్నప్పుడు, హాస్టల్ గదిలో పరీక్షలకు చదివేటప్పుడు ఒక చెంచా పొడి, వేడినీళ్లు ఉంటే చాలు. చికోరి కలపనిది చూసి చిన్న సీసా కొనండి.

ఎవరికి ఏది

హాస్టల్ విద్యార్థికి నా సలహా: యాభై రూపాయలకు మించని రోజువారీ ఖర్చులో పొద్దున హోటల్ కాఫీ, నెలకు రెండుసార్లు మంచి కెఫేలో సిరప్ లేని కప్పు. అలా రుచి తెలుస్తుంది, ఆ తర్వాతే గ్రైండరు మీద డబ్బు పెట్టాలా వద్దా అని ఆలోచించవచ్చు. ఇంట్లో మిక్సీలో పట్టిన పొడి కొంత నూకగా, కొంత పిండిగా వస్తుంది. కాబట్టి గ్రైండరు కొనేదాకా రోస్టరునే ‘ఫిల్టరుకు తగ్గట్టు’ పట్టి పంపమనండి, వంద గ్రాములే తెప్పించుకోండి.

పెద్దవాళ్లున్న ఇంటికి ఒక్కసారిగా చికోరి లేని కాఫీ పెట్టకండి. అమ్మకో మామయ్యకో ముప్పై ఏళ్లుగా అలవాటైన చిక్కదనం పోతే “ఇది నీళ్లు” అంటారు, అందులో వారి తప్పు లేదు. 70, 30 నుంచి 80, 20కి, అక్కడి నుంచి 90, 10కి నెలకో మెట్టు చొప్పున తగ్గించండి. మా ఇంట్లో మూడో నెలకు పాత పొడి ఎవరూ అడగలేదు.

ఒక్క రోజు కోసం వచ్చినవారైతే, రైలు దిగగానే స్టేషన్ బయట చాయ్ తాగండి, అది ఈ ఊరి మర్యాద. ఎనిమిదిలోపు హనుమకొండ చేరి, హోటల్‌లో ఇడ్లీతో మొదటి డికాషన్ కాఫీ. వేయి స్తంభాల గుడి అక్కడికి దగ్గరే. ఎండ ముదరకముందే గుడి, కోట చూసుకుని, సాయంత్రం భద్రకాళి చెరువు గట్టు మీద నడిచి, ఆరు గంటలకు నక్కలగుట్ట వైపు కెఫేలో పాలు లేని కాఫీ చెప్పండి. గ్రైండరు చప్పుడు వినిపించిన చోటే కూర్చోండి.